మోటరు బంద్ జేసినవా

సకల జనుల సమ్మె మొదలై బస్సులన్నీ డిపోల్లోనే కూర్చున్న రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో పూర్తిగా తెరిచిన దుకాణం కనపడితే ఆశ్చర్యపోవాలి. సగం తెరిచినవి మాత్రం కావలసినన్ని. డిపో వెనక సందులోని టీ హోటలు అలాంటిదే. షట్టరు నడుము దాకా దించి ఉంటుంది. వంగి లోపలికి దూరితే పొయ్యి మండుతూనే ఉంటుంది. ఊరేగింపు వస్తున్న చప్పుడు వినగానే యజమాని షట్టరు నేలకు దించి, లోపల్నుంచే గట్టిగా ఒక "జై తెలంగాణ" కేక వేసి, జనం దాటాక మళ్ళీ నడుము దాకా లేపుతాడు. ఆయనది నల్లగొండ. కేకా మనస్ఫూర్తిగానే వేస్తాడు, టీ కూడా మనస్ఫూర్తిగానే అమ్ముతాడు. అందులో తప్పేముందని అడిగితే చెప్పగలిగిన వాడు ఆ సందులో లేడు.

ఆ హోటల్లో మూల బల్ల ముగ్గురిది. దశరథది కర్మన్‌ఘాట్, పుట్టి పెరిగిందంతా అక్కడే. తాతల నాటి పొలం ఇప్పుడు అపార్ట్‌మెంట్ల కింద ఉంది. అతను కోచింగ్ సెంటర్లకు మెటీరియల్ టైపు చేసిపెట్టే డీటీపీ షాపులో పని చేస్తాడు. మురళీకృష్ణది తెనాలి దగ్గర పల్లె, ఎల్.బి.నగర్‌లో అద్దెకుంటూ గ్రూప్స్ పిల్లలకు చరిత్ర చెబుతాడు. విజయదుర్గ వాళ్ళది ఏలూరు నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడ్డ కుటుంబం. మురళీకృష్ణ చెప్పే సెంటర్లోనే ఆమె రీజనింగ్ చెబుతుంది. వయసులో దశరథే చిన్న. ఒకరిని అన్నా అంటాడు, ఇంకొకరిని దుర్గక్కా అంటాడు.

రాష్ట్రం సంగతి ఎత్తితే టీ కన్నా ముందు స్నేహం చల్లారుతుందని ముగ్గురికీ తెలుసు. ఎత్తకుండా ఉండటమూ కష్టమే, షట్టరు అవతల అదే మాట గంట గంటకూ దద్దరిల్లుతుంటే. అందుకని రాక్షసుల గురించి మాట్లాడుకునేవారు. కలలో ఎవరికి ఏ రాక్షసుడు కనపడ్డాడో చెప్పాలి. మిగతా ఇద్దరూ ఆ రాక్షసుడు నవలలోకి పనికొస్తాడో లేదో తీర్పివ్వాలి. ఏ నవలలోకి అని అడక్కూడదు, ఎందుకంటే ముగ్గురి నవలలూ సగంలో ఉన్నాయి. సగం అన్నది కూడా మర్యాదకే. విజయదుర్గ దగ్గర పేర్లు తప్ప నవలలు లేవు. మురళీకృష్ణ ఏళ్ళ తరబడి ఒక్కటే రాస్తున్నాడు, అందులో ఏముందో చెప్పడు.

"దశరథ నవలే నయం, మొదలే పెట్టలేదు కాబట్టి ఒక్క అచ్చుతప్పు కూడా లేదు," అనేది విజయదుర్గ.

"నాది రాసుడెందుకక్కా, ఊకె అట్ల తల్సుకుంట కూసుంటే అయిపాయె," అనేవాడు దశరథ.

అది అబద్ధం. అతను మొదలుపెట్టాడు. షాపులో పని లేనప్పుడు "మట్టయ్య బాయి కాడికి పోయిండు" అని టైపు చేసి, కాసేపు చూసి, చెరిపేసేవాడు. తన మాట తెర మీద అక్షరాలై నిలబడితే ఎవరో వెక్కిరిస్తున్నట్టుండేది. పుస్తకంలో మాట ఇలా ఉండదు కదా అనుకునేవాడు. ఎలా ఉంటుందో అలా రాస్తే మట్టయ్య ఉండడు. ఈ రెంటి మధ్యా ఆ ఒక్క వాక్యం ఎన్నిసార్లు చచ్చి ఎన్నిసార్లు పుట్టిందో.

ఆటలో నియమం ఒక్కటే, అదీ మురళీకృష్ణ పెట్టిందే. బల్ల మీద చెప్పిన కల అందరిదీ. ఎవరికి కావాలంటే వాళ్ళు వాడుకోవచ్చు, తర్వాత నాదంటే కుదరదు. ముగ్గురూ టీ గ్లాసుల మీద చెయ్యేసి ఒప్పుకున్నారు. విజయదుర్గ కలలో పరీక్ష హాల్లో తిరిగే తల లేని ఇన్విజిలేటరు, హాల్ టికెట్ మీద ఫోటో చూసి అదే తల కావాలని అడిగేవాడు. మురళీకృష్ణ కలలో అతని నవలే గడ్డం పెంచుకుని, కర్ర పట్టుకుని ఎల్.బి.నగర్ చౌరస్తా దాకా తరిమేది. నవ్వీ నవ్వీ పొలమారేది అందరికీ.

సమ్మెకు ఇంకా కొన్ని వారాలుండగా, దశరథ వంతు వచ్చిన రోజున ముసురు పట్టింది. ఇంకే కలా గుర్తు రాక, నిజంగా వచ్చేదే చెప్పాడు. "నాకు రాక్షసుడు రాడే. మా నాయిన ఒస్తడు," అన్నాడు.

వాళ్ళ నాన్న మట్టయ్య పోయి కొన్నేళ్ళయింది. బావి ఉన్న పొలం చెక్కను రియల్ ఎస్టేట్ వెంచరు వాళ్ళకు అమ్మాక, వాళ్ళు బావి పూడ్చి ప్లాట్లు గీశారు. తర్వాత ఆయన ఎక్కువ కాలం బతకలేదు. దశరథ చిన్నప్పుడు బడికి పోతూ పోతూ పొలం దగ్గర కరెంటు మోటరు ఆపడం అతని పని. మర్చిపోతే నీళ్ళు మడి దాటి పక్కవాళ్ళ చేలో పడేవి, తగాదాలయ్యేవి. కలలో నాన్న మోకాళ్ళ దాకా బురదతో గుమ్మంలో నిలబడతాడు. లోపలికి రాడు. "మోటరు బంద్ జేసినవా బిడ్డా?" అంటాడు. జేసిన నాయినా అంటాడు దశరథ. అప్పుడు తలాడించి వెళ్ళిపోతాడు. అంతే కల.

దశరథ దీన్ని నవ్వుతూనే చెప్పాడు. నాన్న గొంతు పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని మరీ చెప్పాడు. విజయదుర్గ నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. మురళీకృష్ణ నవ్వలేదు. మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు.

దశరథ చెప్పనిది ఇంకొకటుంది. ఆ కల అతని ఒక్కడిది కాదు. పొద్దున లేవగానే వాళ్ళమ్మ సోమమ్మ అడిగేది, "నాయిన ఒచ్చిండా?" అని. వచ్చాడంటే ఇంకా దగ్గరికి జరిగి కూర్చునేది. "ఏమన్నడు? నన్నేమన్న అడిగిండా?" పొలం అమ్ముదామని పట్టుబట్టింది ఆమే. పిల్లల చదువులకనీ ఇల్లు కట్టాలనీ పోరి పోరి సంతకం పెట్టించింది. ఆయన పోయిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా ఆమె కలలోకి రాలేదు. "నా మీద కోపముండె, గందుకే నా తలాపుకు రాడు," అని తీర్మానించుకుని, కొడుకు నిద్ర మీద ఆశ పెట్టుకు బతుకుతోంది. కొడుకేమో ప్రతిసారీ మోటరు సంగతే చెప్పేవాడు, ఎందుకంటే మట్టయ్య అడిగేది అదొక్కటే. ఆమె సరేలే అని లేచి పొయ్యి దగ్గరికి పోయేది. ఆ వెనుదిరిగిన వీపు చూడలేక ఏదో ఒకటి కల్పించి చెప్పేద్దామా అనుకునేవాడు దశరథ. చచ్చినవాడి పేర అబద్ధమాడటానికి నోరొచ్చేది కాదు.

సమ్మె మొదలైన వారంలో, షట్టరు దించి ఉన్న చీకట్లో మురళీకృష్ణ హఠాత్తుగా ఒక చిక్కు బల్ల మీద పెట్టాడు.

"నా నవల్లో రాక్షసుడొకడున్నాడయ్యా. వాణ్ణి చంపాలి. కత్తితో చావడు, మంత్రానికి చావడు. అంతా అయింది, ఇక్కడే ఆగిపోయాను. రాత్రయితే నా చుట్టూ తిరుగుతున్నాడు."

"రీజనింగ్ నేర్పండి వాడికి, వాడే చస్తాడు," అంది విజయదుర్గ.

"మనుషుల్ని తింటడా?" అని అడిగాడు దశరథ.

"తినడు. ఇంటింటికీ వచ్చి అడుగుతాడంతే."

"ఏమడుగుతడు?"

"చెప్పను. చదివితే తెలుస్తుంది."

దశరథకు ఆట పట్టుబడింది. తన మాటకు వాళ్ళిద్దరూ నవ్వుతారా లేదా అన్న ఆత్రం అతనికి ఎప్పుడూ ఉండేదే. గ్లాసు కింద పెట్టి అన్నాడు, "అయితే గింత పరేషాన్ ఎందుకన్నా. చంపుడే వద్దు. వాడొచ్చి అడిగినప్పుడు ఎవ్వరు జవాబియ్యొద్దు. ఎవ్వరు మాట్లాడకుంటె ఎన్ని రోజులని అడుగుతడు? అడిగి అడిగి వాడే సస్తడు."

మురళీకృష్ణ లేచి, బల్ల చుట్టూ తిరిగొచ్చి, దశరథను కావలించుకున్నాడు. ఆ పూట టీ, సమోసాలు అన్నీ అతనే పెట్టించాడు. ఇన్నేళ్ళ నవలను ఇంత తేలిగ్గా తేల్చినవాణ్ణి చూడలేదంది విజయదుర్గ. దశరథ కర్మన్‌ఘాట్ దాకా నడిచే పోయాడు, బస్సులు లేవని కాదు, సంతోషం పట్టలేక.

నాలుగు రోజుల్లో ముగింపు రాసి మొత్తం కాగితాలు పట్టుకొచ్చాడు మురళీకృష్ణ. కోచింగులు బందు కాబట్టి షాపులో పని లేదు, యజమాని తాళం దశరథకిచ్చి ఊరికి పోయాడు. డబ్బుల మాట ఎవరూ ఎత్తలేదు, స్నేహితుడి నవల. పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చుని టైపు చేసేవాడు.

డీటీపీ వాళ్ళ సంగతి తెలియని వాళ్ళు, టైపు చేసినవాడు చదివే ఉంటాడనుకుంటారు. చదవడు. చదివితే పని సాగదు. కన్ను మాట మీద ఉంటుంది, వేళ్ళు మీటల మీద ఉంటాయి, ఆ రెంటి మధ్యలోకి అర్థాన్ని రానివ్వకూడదు. భారత రాజ్యాంగం వందసార్లు టైపు చేసిన దశరథను ఒక్క అధికరణం చెప్పమంటే తెల్లమొహం వేస్తాడు. నవల కూడా అలాగే అతని వేళ్ళ గుండా వెళ్ళిపోయింది. చివరి భాగంలో కొన్ని మాటలు మరీ సులువుగా, తడుముకోకుండా పడుతున్నాయని మాత్రం ఒకసారి అనిపించింది. అలసట తగ్గిందేమోననుకున్నాడు.

ప్రూఫు చూసే రోజున ముగ్గురూ షాపులో కూర్చున్నారు. ఒకరు రాతప్రతి పైకి చదవాలి, ఇంకొకరు ప్రింటు చూస్తూ దిద్దాలి. చదివేవాళ్ళు కామాలూ కొటేషన్లూ కూడా పలకాలి, అదీ పద్ధతి. మురళీకృష్ణ ప్రింటు పట్టుకున్నాడు. దశరథ చదువుతున్నాడు. విజయదుర్గ వినడానికి వచ్చింది, పల్లీలు తెచ్చింది.

సగం దాకా బాగానే నడిచింది. అపార్ట్‌మెంటు, అందులో మంచి మనుషులు, చక్కటి మాటలు. ఆ తర్వాత సంధ్యవేళ లిఫ్టు దగ్గర నీళ్ళ చప్పుడైంది. తలుపు కొట్టారెవరో. మొదటి అంతస్తు ఆయన తలుపు తీశాడు. మోకాళ్ళ దాకా బురద, కోర పళ్ళు, భుజాన తువ్వాలు.

"కొటేషన్ ఓపెన్," అని చదివాడు దశరథ. "మోటరు బంద్ జేసినవా బిడ్డా, ప్రశ్నార్థకం, కొటేషన్ క్లోజ్."

విజయదుర్గ పడీ పడీ నవ్వింది. "ఎంత బాగా చదివావు దశరథా. అచ్చం వాడే వచ్చినట్టుంది."

దశరథ కూడా నవ్వాడు. ముందు నవ్వింది అతనేనేమో కూడా. నవ్వు సగంలో ఉండగా ఆ బురద కాళ్ళు ఎవరివో పోల్చుకున్నాడు. ఆపితే బాగుండదని చదువుతూనే పోయాడు. రాక్షసుడు ఇంటింటికీ పోతున్నాడు. అపార్ట్‌మెంటు వాళ్ళు, వాడు అడిగేది తమ బోరు మోటరు సంగతనుకుని వాచ్‌మన్‌ను కేకలేస్తున్నారు. రాక్షసుడి ప్రతి మాటా దశరథ నోటి మాట. మిగతావాళ్ళంతా పుస్తకంలో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. రెండో అంతస్తులో ఒక ముసలావిడ ఉంది. ఆమె భయపడలేదు. రాక్షసుడు ఆమె గుమ్మం ముందు కూలబడ్డాడు.

"కొటేషన్ ఓపెన్. నీ మీద నాకేం కోపం లేదు, ఫుల్‌స్టాప్. జర ఇంత సల్ల వొయ్యి, కామా, తాగి పోత, ఫుల్‌స్టాప్."

కొటేషన్ క్లోజ్ అనలేకపోయాడు. ఈ మాట కలలో నాన్న ఎన్నడూ అనలేదు. అయినా నాన్న అనే మాటే. ఎండన పడి వచ్చి మజ్జిగ అడిగే తీరు, కోపం తీరాక ముందు కోపం లేదని చెప్పే తీరు, ఎన్నడూ చూడని మురళీకృష్ణకు ఎలా పట్టుబడ్డాయో. ఆ తర్వాతి పేజీలో అపార్ట్‌మెంటు వాళ్ళంతా సమావేశమై, ఇకమీదట వాడికి ఎవరూ జవాబు చెప్పకూడదని తీర్మానించారు. రాక్షసుడు మెట్ల మీద కూర్చుని అడిగి అడిగి మట్టిలా విరిగిపోయాడు. వాచ్‌మన్ చీపురుతో ఊడ్చాడు.

"గొంతెండిందన్నా," అని కాగితాలు పక్కన పెట్టాడు దశరథ. విజయదుర్గ నీళ్ళు తెస్తానని బయటికి వెళ్ళింది.

"గిది మా నాయిన గద," అన్నాడు అప్పుడు.

మురళీకృష్ణ దాచలేదు. "మీ నాన్నే. నువ్వు చెప్పిన రోజున ఇంటికెళ్ళి తెల్లారేదాకా రాశాను. ఇన్నేళ్ళ నుంచీ రాసినదాంట్లో ప్రాణమున్నది ఆయనొక్కడికే. మిగతాదంతా బొమ్మలు."

"మరి రాక్షసుణ్ణెందుకు జేసినవన్నా?"

మురళీకృష్ణ నిజంగానే ఆలోచించాడు. అతను చెడ్డవాడు కాడు, చెడ్డవాడైతే దశరథకు ఇంత బాధ ఉండేది కాదు. "ఏమో దశరథా. ఆ మాట రాస్తుంటే అలా వచ్చాడు. కోరలతోనే వచ్చాడు. నేను కావాలని పెట్టలేదు." ప్రింటు కాగితాలు దొంతరగా సర్ది, "బల్ల మీద చెప్పిన కల అందరిదీ అనుకున్నాంగా," అన్నాడు, చిన్నగా.

"అనుకున్నం."

"బాధగా ఉంటే చెప్పు. వాడి మాట మార్చేస్తాను. మావైపు మాట పెట్టేస్తా. ఎవరూ పోల్చుకోరు."

మట్టయ్య తెనాలి మాట మాట్లాడుతూ తలుపు తలుపుకూ తిరగడం దశరథ ఊహించుకోబోయాడు. అప్పుడిక ఆయన ఆ పుస్తకంలో కూడా ఉండడు. "వద్దన్నా. గట్లనే ఉండనీ," అన్నాడు. ముగింపు సంగతి ఎత్తడానికి మొహం చెల్లలేదు. ఆ ముగింపు తను ఇచ్చిందే. నాలుగు నవ్వుల కోసం ఇచ్చాడు, ఇచ్చి సమోసాలు తిన్నాడు. విజయదుర్గ నీళ్ళ సీసాతో తిరిగొచ్చి ఏమైందని అడిగితే ఇద్దరూ ఏమీ లేదన్నారు. మిగిలిన పేజీలు కూడా చదివి ముగించాడు దశరథ, కామాలతో సహా.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, షాపులో కుర్చీలోనే కునుకు పట్టినప్పుడు నాన్న వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు, బురద కాళ్ళతో. పెదవులు కదిలాయి. దశరథకు వినపడింది తన గొంతే, కొటేషన్ ఓపెన్ అని. వెనకెక్కడో విజయదుర్గ నవ్వుతోంది. నాన్న మళ్ళీ పెదవులు కదిపాడు. జేసిన నాయినా అనాలి, అది తెలుసు, అంతసేపూ తెలుసు. నాలుక కదల్లేదు. మట్టయ్య కొంతసేపు చూసి, తల కూడా ఆడించకుండా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత దశరథ పగలూ రాత్రీ వీలైనప్పుడల్లా పడుకున్నాడు. నిద్ర వచ్చింది. కల రాలేదు.

పెత్రమాస వచ్చింది. పోయిన పెద్దలకు పెట్టే అమావాస్య. కలలో వచ్చి ఏదడిగితే అది విస్తట్లో పడాలని, పడకపోతే ఏడాదంతా ఆకలిగా ఉంటారని సోమమ్మ నమ్మకం. పొద్దున్నే తలస్నానం చేసి, వంట ముగించి, మట్టయ్య ఫోటో ముందు విస్తరి వేసింది. అన్నం, పప్పు, గారెలు, బచ్చలికూర అన్నీ వడ్డించింది. వడ్డించి కొడుకు వైపు తిరిగింది.

"నాయిన ఒచ్చిండా బిడ్డా?"

ఆమె ఈ మధ్య మరీ చిక్కిపోయింది. కళ్ళు లోపలికి పోయాయి. రాలేదంటే ఏమవుతుందో దశరథకు తెలుసు, ఏమీ కాదు, సరేలే అని తిరిగిపోతుంది. ఆ వీపును ఇంకొకసారి చూడటం అతని వల్ల కాలేదు.

"ఒచ్చిండు," అన్నాడు.

"ఏమన్నడు?"

"నీ మీద నాకేం కోపం లేదన్నడు."

సోమమ్మ చేతిలో గంటె ఆగిపోయింది.

"జర ఇంత సల్ల వొయ్యి, తాగి పోత అన్నడు."

ఆమె అక్కడే చతికిలబడింది. కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "సల్ల," అంది. "సల్లనే అడుగుతడు. నాకెట్ల యాదికి రాకపాయె. అచ్చం మీ నాయిన మాటనే బిడ్డా, గట్లనే అంటుండె. గా రోజు సంతకం పెట్టొచ్చి గూడ గట్లనే అన్నడు." ఏడుస్తూనే లేచి, గిన్నె నిండా మజ్జిగ తెచ్చి, ఉప్పు వేసి, విస్తరి పక్కన పెట్టింది. ఇన్నేళ్ళలో దశరథ ఆమె మొహం అలా తేటపడటం చూడలేదు. ఇది మురళీకృష్ణ రాసిన మాటమ్మా, ఒక రాక్షసుడి కోసం రాసిన మాట అని గొంతు దాకా వచ్చింది. అక్కడే మింగాడు. మింగినది మింగినట్టే లోపల ఉండిపోయింది.

"మల్ల ఎప్పుడొస్తడో," అంది సోమమ్మ ఫోటో వైపే చూస్తూ. "ఈసారి ఒస్తె చెప్పు బిడ్డా. నేను మంచిగనే ఉన్న అని చెప్పు. రంది పెట్టుకోవద్దను. చెప్తవా?"

చెప్త అన్నాడు దశరథ. ఆమె ఇంకా చూస్తూనే ఉంది కాబట్టి, తప్పకుండ చెప్తనమ్మా అని ఇంకోసారి అన్నాడు. ఆ మాట చెబుదామన్నా కలలోకి ఇక ఎవరూ రారని అతనికి అప్పటికే రూఢిగా తెలుసు.